పని మానేసిన కిడ్నీని ఎవరూ చూడట్లేదు: డయాలసిస్, క్యాన్సర్ గురించి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో డయాలసిస్ వాళ్ళ తిండి గురించి రాశాం కదా, దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి, ఐతే చాలామంది అడిగింది తిండి గురించి కాదు. ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉంటే కిడ్నీకో మూత్రాశయానికో క్యాన్సర్ వస్తుందటగా అని భయపడుతూ రాశారు. అందుకే ఈసారి మొత్తం ఇదే. పేర్లు తీసేశాం, ఉత్తరాలు కొంచెం కుదించాం.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే అండి. మాది ఉద్దానం, కవిటి దగ్గర. మా నాన్నకి 58 ఏళ్ళు, కొబ్బరి తోటల్లో పనిచేసేవారు, డయాలసిస్ మొదలెట్టి 7 ఏళ్ళు దాటింది, వారానికి రెండుసార్లు వెళ్తారు. మొన్న నడుం పక్కన నొప్పంటే స్కానింగ్ తీయించాం, రెండు కిడ్నీల్లోనూ చాలా సిస్టులు ఉన్నాయని రాశారు. ఇదేటో మాకు అర్థం కాలేదు. అక్కడే ఒకాయన "మెషీన్ మీద ఎక్కువ కాలం ఉంటే క్యాన్సర్ వస్తాది" అన్నాడు, అప్పట్నుంచి మా అమ్మ నాన్నని డయాలసిస్‌కి పంపనంటోంది. ఏటి చెయ్యమంటారు?
– ఒక కూతురు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు డయాలసిస్ ఆపకండమ్మా. మీ అమ్మగారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి కావాలంటే. రెండు మూడు సార్లు మానేస్తే పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, అది ఈ వారమే జరిగే ప్రమాదం, క్యాన్సర్ అనేది ఎప్పుడో రావచ్చు రాకపోవచ్చు అన్న సంగతి. రెండూ ఒకటి కాదు.

ఇక సిస్టుల సంగతి. ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, సగం పొరపాటు. సిస్టులు వచ్చేది మెషీన్ వల్ల కాదు, కిడ్నీ చెడిపోవడం వల్ల. కిడ్నీలో లక్షల సంఖ్యలో సన్నటి గొట్టాలు ఉంటాయి, చాలా భాగం పాడైపోయాక మిగిలిన కొద్ది గొట్టాల మీద భారం పడి వాటి గోడల్లో కణాలు అవసరానికి మించి పెరగడం మొదలవుతుంది, గొట్టం ఒకచోట మూసుకుపోయి లోపల నీరు ఊరి చిన్న సంచిలా తయారవుతుంది, అదే సిస్టు. డయాలసిస్ మొదలెట్టకముందే పది మందిలో ఒకరికి ఇవి కనిపిస్తాయి, పొట్టలో నీళ్ళు పోసి చేసే డయాలసిస్ వాళ్ళకీ వస్తాయి, కాబట్టి మెషీన్‌ని తిట్టి లాభం లేదు. డయాలసిస్ మనిషిని బతికిస్తుంది, ఆ బతికిన కాలమంతా పాడైన కిడ్నీ లోపలే ఉంటుంది కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ సిస్టులు పెరుగుతాయి. 5 ఏళ్ళు దాటేసరికి దాదాపు సగం మందికి, 10 ఏళ్ళు దాటితే పది మందిలో తొమ్మిది మందికి ఉంటాయి. ఆడవాళ్ళకన్నా మగవాళ్ళకి ఎక్కువ. దీన్ని మొదటిసారి 1977లో ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు గుర్తించి రాశారు. అంతకుముందు డయాలసిస్ మీద అన్నేళ్ళు బతికిన వాళ్ళే తక్కువ కదా, చూడటానికి ఎవరున్నారు.

మీ నాన్నగారికి 7 ఏళ్ళు, అంటే సిస్టులు ఉండటం వింతేం కాదు. ఇప్పుడు అసలు ప్రశ్న, ఇవి క్యాన్సర్ అవుతాయా? ఎక్కువ శాతం అవ్వవు. కొద్దిమందికి అవుతాయి. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో 1980 నుంచి 1994 దాకా డయాలసిస్ చేయించుకున్న 8 లక్షల 31 వేల మంది లెక్కలు తీసి 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, ఈ విషయం మీద అందరూ ఇప్పటికీ చెప్పేది దాని గురించే. మామూలు జనంతో పోలిస్తే కిడ్నీ క్యాన్సర్ 3.6 రెట్లు, మూత్రాశయం క్యాన్సర్ ఒకటిన్నర రెట్లు ఎక్కువ వచ్చాయి. ప్రోస్టేట్ (మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ మాత్రం పెరగలేదు. "మూడున్నర రెట్లు" అనగానే గుండె జారిపోతుంది, నాకు తెలుసు, ఐతే మన దేశంలో కిడ్నీ క్యాన్సరే తక్కువ, తక్కువదానికి మూడున్నర రెట్లు అన్నా మొత్తానికి చిన్న సంఖ్యే. డయాలసిస్ వాళ్ళ ప్రాణం ఎక్కువగా తీసేది గుండె జబ్బు, ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్లు. ఈ వరస మర్చిపోకూడదు.

అలాగని వదిలేయమనట్లేదు. మీరు చెయ్యాల్సింది ఆ స్కాన్ రిపోర్టు తీసి సిస్టుల గురించి ఏం రాశారో చూడటం. సిస్టు అంటే అన్నీ ఒకటి కాదు. పల్చటి గోడ, లోపల ఒట్టి నీరు ఉంటే "సింపుల్ సిస్టు" అని రాస్తారు, దాని గురించి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. గోడ మందంగా ఉంది, లోపల అడ్డగోడలు ఉన్నాయి, గట్టి ముద్దలాంటిది ఉంది, రక్తప్రసరణ కనపడుతోంది అని రాస్తే మాత్రం కాంట్రాస్ట్ సీటీ స్కాన్ (డై ఇంజెక్షన్ ఇచ్చి తీసేది) కావాలి. సీటీ చేశాక బాస్నియాక్ అనే పేరుతో ఒకటి నుంచి నాలుగు వరకు గ్రేడు ఇస్తారు, ఒకటి రెండు మామూలివి, రెండుకీ మూడుకీ మధ్యలో "టూ ఎఫ్" అని ఒకటుంది, అంటే మళ్ళీ మళ్ళీ చూస్తుండమని. మూడు వస్తే క్యాన్సర్ అవ్వడానికి సగం సగం అవకాశం, నాలుగైతే దాదాపు క్యాన్సరే అనుకోవాలి.

ఇక్కడ ఇంకో తగాదా వస్తుంది. "కిడ్నీ పేషెంట్‌కి డై ఇంజెక్షన్ ఇవ్వకూడదు" అని స్కాన్ సెంటర్లోనే వెనక్కి పంపేస్తారు. డై వల్ల పాడయ్యేది పనిచేసే కిడ్నీ. మీ నాన్నగారికి మూత్రం పూర్తిగా ఆగిపోయి ఉంటే ఇంక పాడవ్వడానికి ఏముంది? డై ఇచ్చి స్కాన్ తీయొచ్చు, ఆ వెంటనే పరిగెత్తుకెళ్ళి డయాలసిస్ చేయించాల్సిన పని కూడా లేదు, మామూలు రోజున వెళ్తే చాలు. రోజుకి ఇంకా రెండు మూడు గ్లాసుల మూత్రం వస్తుంటే మాత్రం ఆ కొంచెమైనా కాపాడుకోవాలి కాబట్టి కిడ్నీ డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి.

ఒకవేళ గడ్డ అని తేలితే, డయాలసిస్ వాళ్ళలో ఒక రకంగా నిర్ణయం సులువే, ఆ కిడ్నీ ఎలాగూ పనిచేయట్లేదు కాబట్టి మొత్తం తీసేస్తారు, ఎక్కువగా లాప్రోస్కోపీతోనే. ఈ సిస్టుల్లోంచి పుట్టే క్యాన్సర్లు చాలావరకు మెల్లగా పెరిగేవే, చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్‌తో అయిపోతుంది. రెండో కిడ్నీలో కూడా వచ్చే అవకాశం ఉంది కాబట్టి దాన్ని చూస్తూ ఉండాలి. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, క్యాన్సర్ ఆపరేషన్లు ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి.

నాకు కోపం వచ్చే విషయం ఒకటుంది, ఇక్కడే చెప్పేస్తాను. డయాలసిస్ సెంటర్లో నెలనెలా హిమోగ్లోబిన్ చూస్తారు, పొటాషియం, ఫాస్పరస్ చూస్తారు, హెపటైటిస్ చూస్తారు, ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చే చేతి రక్తనాళం) చూస్తారు. కిడ్నీని మాత్రం ఎవరూ చూడరు! చెడిపోయింది కదా ఇంక చూసేదేముంది అనుకుంటారు. డయాలసిస్ మొదలై మూడేళ్ళు దాటిన వాళ్ళు, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్ళు, మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ళు ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ తీయించుకుంటే మంచిదని నా అభిప్రాయం. ఉద్దానంలో నడివయసులోనే కిడ్నీలు పోతున్నాయి, అంటే డయాలసిస్ మీద చాలా ఏళ్ళు బతకాల్సినవాళ్ళు అక్కడ ఎక్కువ, కాబట్టి మీ వైపు వాళ్ళకి ఈ మాట ఇంకా గట్టిగా చెప్తాను. 78 ఏళ్ళ పెద్దాయన, గుండె బలహీనం, మంచం మీదే ఉన్నారు, ఆయన్ని మాత్రం స్కాన్ల చుట్టూ తిప్పకండి. అక్కడ గడ్డ దొరికినా మనం చేసేదేమీ ఉండదు, భయం తప్ప.

ప్రశ్న: సార్ నమస్తే. నాకు 46 ఏండ్లు, 4 ఏండ్ల సంది డయాలసిస్ మీద ఉన్న. మూత్రం రోజుకు ఒక గ్లాసు దాకా వస్తది. నెల కింద రెండుసార్లు ఎర్రగ వచ్చింది, నొప్పి ఏం లేదు, మల్ల దానంతట అదే బందయింది. డయాలసిస్ కాడ టెక్నీషియన్‌ను అడిగితే హెపారిన్ వల్ల అట్లనే వస్తది, ఏం గాదు అన్నడు. నిజమేనా సార్? బీడీలు తాగేటోన్ని, ఇప్పుడు తక్కువ చేసిన.
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజం కాదు తమ్ముడూ. హెపారిన్ రక్తాన్ని పల్చన చేస్తుంది అంతే, ఆరోగ్యంగా ఉన్నచోట రంధ్రం పెట్టదు. లోపల ఎక్కడో కారేందుకు సిద్ధంగా ఉన్న చోటు ఉంటేనే హెపారిన్ దాన్ని బయటపెడుతుంది. ఒక రకంగా అది మనకి ముందే చెప్పినట్టు.

నొప్పి లేకుండా రక్తం వచ్చి, దానంతట అదే ఆగిపోయింది అన్నారు చూడండి, అదే నన్ను ఆలోచనలో పెట్టింది. మూత్రాశయం క్యాన్సర్ మొదట్లో సరిగ్గా ఇలాగే చేస్తుంది, ఒకసారి వస్తుంది, ఆగుతుంది, మనిషి మర్చిపోతాడు, ఆర్నెల్లకి మళ్ళీ వస్తుంది. క్యాన్సరే అని నేననట్లేదు, సిస్టు పగిలినా ఇలాగే వస్తుంది, డయాలసిస్ వాళ్ళలో అది చాలా మామూలు, రాయి ఉన్నా వస్తుంది, ఇన్‌ఫెక్షన్ ఉన్నా వస్తుంది. ఐతే ఏది అన్నది చూస్తేనే తెలుస్తుంది, కూర్చుని ఊహిస్తే తెలియదు. యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, స్కాన్ తీసి, సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూస్తారు, దాన్ని సిస్టోస్కోపీ అంటారు. మత్తు జెల్ పెట్టి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మూత్రంలో కణాల పరీక్ష ఒక్కటే చేసి "నార్మల్" అంటే దాంతో ఊరుకోకండి, మూత్రం తక్కువ వచ్చేవాళ్ళలో దాన్ని నమ్మడం కష్టం.

మూత్రం అసలు రానివాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్ళకో మాట. మూత్రం రానంత మాత్రాన మూత్రాశయం మాయమవ్వదు. లోదుస్తుల మీద ఎర్రటి లేదా గోధుమరంగు మరక, ఎప్పుడో రెండు చుక్కలు రక్తం పడటం, పొత్తికడుపులో నొప్పి, చెడు వాసనతో చీములాంటిది రావడం, ఇవన్నీ సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాల్సినవి. వాడకంలో లేని మూత్రాశయంలో చీము పట్టడం కూడా ఉంది, దానికి వైద్యం ఉంది.

బీడీ తక్కువ చేశాను అన్నారు, పూర్తిగా మానండి. ఊపిరితిత్తులకేగా అనుకుంటారు. పొగాకులోని విషాలు రక్తంలోకి వెళ్తాయి, అక్కడ్నుంచి మూత్రంలోకి, ఆ మూత్రం మూత్రాశయంలో నిలవ ఉంటుంది. మీకు రోజుకి ఒక గ్లాసే వస్తుంది కాబట్టి అది చాలాసేపు నిలవ ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారికి 64. విజయనగరం జిల్లా పల్లెటూరు. చుట్ట అడ్డపొగ తాగుతారు, చిన్నప్పటి అలవాటు. డయాలసిస్ 3 ఏళ్ళుగా. నోరు చూసి డాక్టర్ గారు ఏమీ లేదన్నారు కాబట్టి ఇంకేం కాదంటారు ఆవిడ. ఏమని చెప్పాలి?

జవాబు: అడ్డపొగ అంటే మన డాక్టర్లందరికీ అంగిలి క్యాన్సరే గుర్తొస్తుంది, అది సహజం, నిప్పు నోట్లో పెట్టుకుంటారు కదా. ఐతే పై జవాబులో చెప్పిందే ఇక్కడా, చుట్ట ఏ వైపు నుంచి కాల్చినా పొగ లోపలికి వెళ్తే మూత్రాశయం దాకా వెళ్తుంది. నోరు బాగుందని మూత్రాశయం బాగుందని అర్థం కాదు. ఆవిడతో వాదన పెట్టుకోకుండా ఒక్కటి అడగండి, ఎప్పుడైనా మూత్రం ఎర్రగా వచ్చిందా అని. ఆ వయసు ఆడవాళ్ళు ఈ మాట కోడలికైనా చెప్తారేమో గానీ కొడుక్కి చచ్చినా చెప్పరు. వచ్చిందంటే వెంటనే చూపించండి, బట్టల మీద మరక కనిపిస్తే అది గర్భసంచి నుంచా మూత్రం నుంచా అన్నది కూడా తేల్చాలి.

ప్రశ్న: మా ఆయనకి డయాలసిస్ 9 ఏళ్ళుగా. మొన్నటిదాకా హిమోగ్లోబిన్ 8, 9 ఉండేది, వారం వారం రక్తం పెరిగే ఇంజెక్షన్ వేసేవారు. ఆర్నెల్లుగా ఇంజెక్షన్ లేకుండానే 13.5 ఉంది. అందరూ అదృష్టం అంటున్నారు. నిజంగా సంతోషించాలా?
– నెల్లూరు నుంచి

జవాబు: సంతోషించండి, దాంతోపాటు ఒక స్కాన్ కూడా తీయించండి. రక్తం తయారవ్వడానికి కావాల్సిన ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను కిడ్నీలోనే తయారవుతుంది, అది లేకే డయాలసిస్ వాళ్ళకి ఇంజెక్షన్ వేస్తాం. సిస్టులు బాగా పెరిగిన కిడ్నీల్లో ఆ సిస్టుల చుట్టూ ఉండే కణాలు మళ్ళీ ఆ హార్మోన్ తయారుచేస్తాయి. 9 ఏళ్ళ తర్వాత ఇంజెక్షన్ అక్కర్లేకుండా పోయిందంటే ఎక్కువగా కారణం ఇదే, ఇది మంచిదే. ఐతే కొన్ని కిడ్నీ క్యాన్సర్లు కూడా ఇదే హార్మోన్ వదులుతాయి, అందుకే ఒకసారి చూడమంటున్నాను. దీనికి తిరగేసింది కూడా ఉంది, ఇంజెక్షన్ డోసు ఎంత పెంచినా హిమోగ్లోబిన్ పడిపోతూనే ఉంది, ఐరన్ సరిపడా ఉంది, బరువు తగ్గుతున్నారు, సన్నగా జ్వరం ఉంటోంది, అప్పుడు కూడా లోపల ఎక్కడైనా గడ్డ ఉందా అని వెతకాలి.

ప్రశ్న: డయాలసిస్ తప్పించే వేర్ల మందు అని మా బంధువు ఒకాయన పొడి తెచ్చిచ్చాడు. అందులో ఈశ్వరి వేరు ఉందట. చెట్టు మందే కదా, వాడొచ్చా?
– భద్రాచలం దగ్గర్నుంచి

జవాబు: వద్దు. ఇంట్లో ఉంటే పారేయండి.

ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. ఈశ్వరి అరిస్టలోకియా కుటుంబం మొక్క, పాము కాటుకని మన పల్లెల్లో పెంచుతారు. ఆ కుటుంబం మొక్కల్లో ఉండే ఆమ్లం కిడ్నీ గొట్టాలని ఎండగట్టేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ పుట్టిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదిగా మొదటి వర్గంలోనే పెట్టింది, పొగాకు ఉన్న వర్గమే అది. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గే మాత్రల్లో ఒక చైనా మూలికకి బదులు పొరపాటున అరిస్టలోకియా కలిసింది, వంద మందికి పైగా కిడ్నీలు పాడైపోయాయి, ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళలో 39 మందికి ముందు జాగ్రత్తగా కిడ్నీలు, మూత్రనాళాలు తీసి చూస్తే 18 మందిలో అప్పటికే క్యాన్సర్ ఉంది. తైవాన్‌లో డయాలసిస్ వాళ్ళకి మూత్రనాళాల క్యాన్సర్ ఎక్కువగా రావడానికి కూడా ఈ మూలికలు ఒక పెద్ద కారణం, 2003లో అక్కడ నిషేధించారు. డాన్యూబ్ నది ఉపనదుల పక్కన కొన్ని పల్లెల్లో తరతరాలుగా కిడ్నీలు పోవడం, దాని వెంటే ఈ క్యాన్సర్ రావడం ఉండేది, చివరికి చూస్తే గోధుమ చేలల్లో కలుపుగా పెరిగిన ఇదే జాతి మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయి. ఇది చదివి ఉద్దానం కూడా ఇదే అని ఎవరూ వాట్సాప్‌లో పెట్టొద్దు, నేను ఆ మాట అనట్లేదు.

ఒకప్పుడు వాడిన వాళ్ళు, ఇప్పుడు మానేసినా, ఆ సంగతి కిడ్నీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఏళ్ళు గడిచాక కూడా క్యాన్సర్ రావచ్చు కాబట్టి పరీక్షలు వేరుగా చేస్తారు. లూపస్ లాంటి జబ్బులకి సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కువ కాలం తీసుకున్నవాళ్ళు కూడా అంతే, అది అవసరానికి ఇచ్చిన మందు, తప్పేం లేదు, కానీ మూత్రాశయం మీద ఓ కన్నేసి ఉంచాలి.

ప్రశ్న: నేను అమెరికాలో డాలస్‌లో ఉంటాను. నాన్నగారు విజయవాడలో, 63 ఏళ్ళు, డయాలసిస్ మీద ఉన్నారు, కిడ్నీ మార్పిడి కోసం జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన జాబితా) పేరు నమోదు చేయించాం. పరీక్షల్లో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి రక్తపరీక్ష) 6.1 వచ్చింది. డయాలసిస్ వల్ల పెరిగి ఉంటుంది అంటున్నారు కొందరు. క్యాన్సర్ అయితే కిడ్నీ మార్పిడి ఇక లేనట్టేనా?

జవాబు: డయాలసిస్ వల్ల పీఎస్‌ఏ పెరగదు. రక్తంలో ఇది ఎక్కువ భాగం వేరే ప్రోటీన్‌తో అతుక్కుని పెద్ద అణువుగా ఉంటుంది, డయాలసిస్ జల్లెడలోంచి పోదు, కాబట్టి మొత్తం పీఎస్‌ఏ అంకెని మామూలు మనిషికి ఎలా చూస్తామో ఇక్కడా అలాగే చూడాలి. "ఫ్రీ పీఎస్‌ఏ" శాతం అని ఇంకోటి చేస్తారు, అది మాత్రం డయాలసిస్ వాళ్ళలో నమ్మకండి, కిడ్నీ పనిచేయకపోతే ఆ లెక్క తారుమారవుతుంది. 6.1 అంటే ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసుకుని, కొన్ని వారాలాగి మళ్ళీ చేయించి, అప్పటికీ అలాగే ఉంటే యూరాలజిస్ట్ ఎమ్మారై, అవసరమైతే బయాప్సీ చెప్తారు. ఎమ్మారై డై గురించి భయం ఉంటుంది, పాత రకం గాడోలినియం డైలతో కిడ్నీ పేషెంట్లకి చర్మం గట్టిపడే జబ్బు వచ్చిన మాట నిజం, ఇప్పుడు వాడే కొత్త రకాల్లో ఆ ప్రమాదం బాగా తక్కువ, ఏ రకం వాడుతున్నారో అడగండి చాలు.

క్యాన్సర్ అని తేలినా దారి మూసుకుపోదు. గ్లీసన్ స్కోరు (బయాప్సీలో క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే అంకె) 6 లేదా అంతకన్నా తక్కువ ఉన్న మెతక రకం అయితే దాన్ని చూస్తూ మార్పిడికి వెళ్ళొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి, 7 అయితే వైద్యం చేయించుకుని కనీసం రెండేళ్ళు ఆగమంటారు, అంతకు మించితే కనీసం 5 ఏళ్ళు. కిడ్నీ క్యాన్సర్ కూడా అంతే, అనుకోకుండా దొరికిన 3 సెంటీమీటర్ల లోపు చిన్నదాన్ని తీసేస్తే ఆగాల్సిన పని ఉండదు, పెద్దదై పాకితే 5 ఏళ్ళు.

ఇంకోటి మీ నాన్నగారిని అడగండి, రోజుకి మూత్రం ఎంత వస్తోందని. ప్రోస్టేట్ పెద్దదైనా మూత్రం రానివాళ్ళకి ఆ ఇబ్బంది తెలియదు, మార్పిడయ్యాక ఒక్కసారిగా లీటర్ల కొద్దీ మూత్రం వచ్చినప్పుడు అడ్డం పడుతుంది. సర్జన్‌కి ముందే తెలిసి ఉండాలి. కొత్త కిడ్నీ పెట్టినా పాతవి రెండూ మామూలుగా తీయరు, అవి లోపలే ఉంటాయి. మార్పిడి బాగా జరిగితే సిస్టులు చిన్నవవుతాయి, కానీ కొత్త కిడ్నీ కోసం వేసే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి పాత కిడ్నీల్లో క్యాన్సర్ ప్రమాదం పోదు. మార్పిడి తర్వాత స్కాన్‌కి వెళ్ళినప్పుడు కొత్త కిడ్నీ ఒక్కటే చూసి పంపేస్తుంటారు, పాతవి కూడా చూసి రిపోర్టులో రాయమని అడగండి.